గని చూడాలా, రాళ్లు ఏరాలా? పిల్లలతో వెళ్లడానికి అమెరికాలో ఏ రత్నాల గని ఎవరికి సరిపోతుంది

‘జెమ్ మైనింగ్’ అని బోర్డు పెట్టిన చోటల్లా ఒకేలా ఉండదు. ఒక చోట పాత గనిలోకి గైడ్ వెంట నడిపిస్తారు, గోడలోని రాయి మాత్రం తీయనివ్వరు. ఇంకో చోట మట్టి నింపిన బకెట్ కొని నీళ్లలో జల్లిస్తే గ్యారంటీగా రంగురాళ్లు వస్తాయి, కానీ వాటిలో చాలావరకు ఆ నేలలో పుట్టినవి కావు. మరో చోట సుత్తో పారో పట్టుకుని మీరే తవ్వాలి. సాయంత్రం దాకా చెమటోడ్చినా ఏమీ దొరకకపోవచ్చు. దొరికితే మాత్రం అది నిజంగా మీ చేతులతో భూమిలోంచి తీసిన రాయి.

కచ్చితంగా దొరకడం, నిజంగా దొరకడం అనే ఈ రెండూ ఒకే పనిలో కలిసి రావు. మీ ఇంట్లో పిల్లలకు ఏది కావాలో ముందే తేల్చుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే. ఆ సంగతి చూసుకోకుండా గూగుల్ మ్యాప్‌లో దగ్గరగా కనిపించిన చోటుకి బయల్దేరితే, ఐదేళ్ల పిల్లాడు ఎండలో బండరాళ్ల మధ్య ఏడుస్తూ కూర్చుంటాడు. లేదా పన్నెండేళ్ల అమ్మాయి పది నిమిషాల్లో బకెట్ ఖాళీ చేసి “ఇవన్నీ కొనుక్కొచ్చి కలిపినవేగా” అని ముఖం చిన్నబుచ్చుకుంటుంది.

## ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

అందరికన్నా చిన్నవాళ్ల వయసు. నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలకు ఫలితం పావుగంటలో కనిపించాలి. ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చాక గంట, గంటన్నర ఓపిక పడతారు. పదేళ్లు దాటినవాళ్లకు ‘ఇది నిజమైనదేనా?’ అన్న ప్రశ్న ముఖ్యమవుతుంది. పెద్దవాళ్ల సరదాను బట్టి చోటు ఎంచుకుంటే ఇక్కడే దెబ్బతింటుంది.

రాయి ఎక్కడిది. ఆ గని మట్టిని ఏమీ కలపకుండా ఇస్తే దాన్ని నేటివ్ అంటారు. బ్రెజిల్, మడగాస్కర్, చివరికి మన ఇండియా నుంచి కూడా తెప్పించిన రాళ్లు కలిపి ఇస్తే ఎన్‌రిచ్డ్ అంటారు. వాడుకలో సాల్టెడ్ అనే మాట కూడా ఉంది. కలపడంలో మోసం లేదు. చాలాచోట్ల ఆ మాట చెప్పే అమ్ముతారు. కానీ అడగకపోతే ఎవరూ పనిగట్టుకుని వివరించరు. టికెట్ కౌంటర్ దగ్గర “నేటివా, ఎన్‌రిచ్డా?” అని ఒక్క ముక్క అడగండి. నార్త్ కరొలైనా కొండల్లో కొన్న బకెట్‌లో నల్లగా గాజులా మెరిసే అబ్సీడియన్, నీలంగా సోడలైట్ కనిపిస్తే అవి బయటినుంచి వచ్చినవని మీరే గుర్తుపట్టవచ్చు.

ఎండ, చలి, నీళ్లు. భూగర్భ గనిలో ఏడాది పొడవునా ఒకే చలి. బయట తవ్వే చోట నీడ దాదాపు ఉండదు. స్లూయిస్, అంటే మట్టి జల్లించే నీటికాలువ, దగ్గర నీళ్లు చల్లగా ఉంటాయి, చొక్కా చేతులు మోచేతుల దాకా తడుస్తాయి.

అమ్మానాన్నలు వెంట ఉన్నారా. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లతో వెళ్తుంటే మోకాళ్లను, కూర్చునే బెంచీని, బాత్‌రూమ్ దూరాన్ని ముందే చూసుకోవాలి. పిల్లల తర్వాత ఎంపికను ఎక్కువగా మార్చేది ఇదే.

ఖర్చు పెరిగే దారి. మ్యూజియంలో మనిషికో టికెట్, అంతే. తవ్వే చోట రోజు టికెట్, దానిపైన పనిముట్ల అద్దె. స్లూయిస్ దగ్గర మాత్రం బకెట్ సైజును బట్టి ధర ఎక్కుతూ పోతుంది. పెద్ద బకెట్ తీసుకుంటే రాళ్ల సైజూ సంఖ్యా పెరుగుతాయి గానీ విలువ అంతగా పెరగదు. ఇద్దరు పిల్లలకు ఒక పెద్ద బకెట్ కన్నా రెండు చిన్నవి మేలు, తగాదా ఉండదు.

## ఒక్క చూపులో

| చోటు | ప్రధానంగా ఏముంది | రాళ్లు ఎక్కడివి | శరీరానికి శ్రమ | ఎవరికి బాగుంటుంది |
|---|---|---|---|---|
| స్టెర్లింగ్ హిల్, న్యూజెర్సీ | భూగర్భ గని, మ్యూజియం, చీకట్లో వెలిగే ఖనిజాలు | ప్రదర్శనలోవి ఆ గనివే | తక్కువ, కానీ చలి | పెద్దవాళ్లు, ఏడేళ్లు దాటిన పిల్లలు |
| ఎమరాల్డ్ విలేజ్, నార్త్ కరొలైనా | గనుల మ్యూజియం, స్లూయిస్ | బకెట్లలో కలిపినవి | తక్కువ | చిన్నపిల్లలు, మూడు తరాల కుటుంబం |
| ఫ్రాంక్లిన్, నార్త్ కరొలైనా | కౌయీ లోయ కెంపులు, నీలాలు | గనిని బట్టి రెండూ | మధ్యస్థం | ఓపిక ఉన్న ఎనిమిదేళ్ల పైవాళ్లు |
| హిడెనైట్, నార్త్ కరొలైనా | స్లూయిస్, వాగు, తవ్వకం | బకెట్లో కలిపినవి, వాగులో సహజం | మీ ఇష్టాన్ని బట్టి | వేర్వేరు వయసుల పిల్లలు |
| హెర్కిమర్, న్యూయార్క్ | బండరాయి పగలగొట్టి స్ఫటికాలు తీయడం | పూర్తిగా సహజం | ఎక్కువ | పదేళ్ల పైవాళ్లు |
| క్రేటర్ ఆఫ్ డైమండ్స్, ఆర్కన్సా | దున్నిన పొలంలో వజ్రాల వేట | పూర్తిగా సహజం | ఎండ, బురద | ఖాళీ చేతులతో వచ్చినా బాధపడనివాళ్లు |

బయల్దేరే ముందు ఒక జాగ్రత్త. ఈ వ్యాసంలో ఫ్రాంక్లిన్ అనే ఊళ్లు రెండున్నాయి, ఒకటి న్యూజెర్సీలో, ఒకటి నార్త్ కరొలైనాలో. రెండూ ఖనిజాలకు పేరున్నవే, రెండింటిలోనూ ఖనిజాల మ్యూజియం ఉంది. జీపీఎస్‌లో ఊరి పేరు ఒక్కటే కొట్టకండి, రాష్ట్రం పేరు కూడా చూడండి.

## స్టెర్లింగ్ హిల్: చూడటానికి వెళ్లే గని

న్యూజెర్సీలోని ఆగ్డెన్స్‌బర్గ్‌లో ఉన్న ఈ జింకు గని 1986లో మూతపడింది. ఆ రాష్ట్రంలో చివరిదాకా నడిచిన గని ఇదే. 1990 నుంచి మ్యూజియంగా నడుస్తోంది. పనివాళ్లు బట్టలు మార్చుకునే గది ఇప్పుడు ప్రదర్శనశాల. తడి బట్టలు ఆరడానికి గొలుసులతో పైకి లాగే బుట్టలు ఇంకా కప్పుకి వేలాడుతున్నాయి. అక్కడి నుంచి గైడ్ వెంట సుమారు 1,300 అడుగులు సొరంగంలో నడవాలి. ఇది కొండ పక్కనుంచి లోపలికి పోయే దారి కాబట్టి నేల చాలావరకు చదునుగా ఉంటుంది. పాత గని దీనికింద 1,800 అడుగులకు పైగా లోతుకి పోతుంది, ఆ కింది అంతస్తులు నీటితో నిండిపోయాయి.

లోపల ఎప్పుడూ 56 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 13 సెల్సియస్. జూలైలో టీషర్టుతో వచ్చిన కుటుంబాలకు అరగంట తర్వాత వణుకు మొదలవుతుంది. అమ్మమ్మ, తాతయ్యలకు స్వెటర్, మేజోళ్లు, బూట్లు తప్పనిసరి. చీరకట్టుతో రావచ్చు గానీ నేల తడిగా ఉంటుంది, కుచ్చిళ్లు కాస్త పైకి కట్టుకోవాలి.

ఇక్కడి అసలు విందు రెయిన్‌బో రూమ్. దీపాలు ఆర్పి అతినీలలోహిత (యూవీ) కాంతి వేయగానే గని గోడ ఎర్రగా, ఆకుపచ్చగా వెలుగుతుంది. ఆకుపచ్చ విల్లెమైట్ అనే జింకు ఖనిజానిది. ఎరుపు కాల్సైట్‌ది, అందులో కొద్దిగా చేరిన మాంగనీసు వల్ల వచ్చింది. ఈ గని, పక్క ఊరు ఫ్రాంక్లిన్ గని కలిసిన ప్రాంతంలో 350కి పైగా ఖనిజ జాతులు నమోదయ్యాయి. భూమ్మీద ఇంత చిన్న జాగాలో ఇన్ని దొరికిన చోట్లు చాలా అరుదు. ఫోన్ ఫ్లాష్ ఒక్కసారి వెలిగితే అందరి కళ్లూ మళ్లీ చీకటికి అలవాటు పడాల్సిందే. ముందే ఆపేయండి.

పర్యటన రెండు గంటలు పడుతుంది. ఐదేళ్ల లోపు పిల్లలు మొదటి గంటలో, గాజు బీరువాల ముందే విసిగిపోతారు. చీకటంటే భయపడే పిల్లలకు ముందే చెప్పి తీసుకురండి, మధ్యలో వెనక్కి రావడం కష్టం. మధ్యాహ్నం పర్యటన ఒక్కటే ఉండే రోజులు ఎక్కువ, ఆ సమయం తప్పితే గని చూడలేరు. అందుకని ఆ రోజు వేళలు చూసుకుని అరగంట ముందే చేరుకోవాలి.

రాళ్లు ఏరాలన్న కోరిక కూడా తీరాలంటే పక్క ఊరు ఫ్రాంక్లిన్‌లోని ఖనిజాల మ్యూజియంకి వెళ్లండి. అక్కడి బక్‌వీట్ డంప్ పాత గని పారబోసిన రాళ్ల గుట్ట. ఏరుకున్న రాళ్లను తూకం వేసి డబ్బు తీసుకుంటారు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ఆన్‌లైన్‌లో దొరికే చవక యూవీ టార్చ్ తెచ్చుకోవడం. అది లాంగ్‌వేవ్ కాంతి ఇస్తుంది. ఇక్కడి రాళ్లు బాగా వెలిగేది 254 నానోమీటర్ల షార్ట్‌వేవ్ దీపం కింద. ఆ దీపాన్ని నేరుగా చూడకూడదు, పిల్లల చేతికి ఇవ్వకూడదు, పెద్దవాళ్లు కూడా యూవీని ఆపే కళ్లజోడు పెట్టుకోవాలి.

రాళ్లు అక్కర్లేదు, భూమి లోపలికి దిగిన అనుభవమే కావాలంటే పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో లాకవానా బొగ్గుగని పర్యటన ఇంకా బాగుంటుంది. పట్టాల మీద బండిలో 300 అడుగుల లోతుకి దించుతారు. సింగరేణి గురించి ఇంట్లో విన్న పిల్లలకు గని పని ఎలాంటిదో కళ్లారా తెలుస్తుంది. లోపల 53 డిగ్రీలు.

## ఎమరాల్డ్ విలేజ్: రెండూ కొంచెం కొంచెం కావాలంటే

బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే కొండ రహదారికి దగ్గర్లో, లిటిల్ స్విట్జర్లాండ్ దగ్గర ఉంటుంది. నార్త్ కరొలైనా గనుల మ్యూజియం ఇక్కడే, బాన్ ఆమి అనే పాత ఫెల్డ్‌స్పార్ గనిలో ఉంది. గిన్నెలు తోమే బాన్ ఆమి పొడికి కావలసిన ఫెల్డ్‌స్పార్ ఇక్కడ తీసేవారు. ఇది ఇరుకు సొరంగం కాదు, ఎత్తైన రాతి గదులు. ఇరుకు జాగాలంటే ఊపిరాడనట్టు ఉండేవాళ్లకు స్టెర్లింగ్ హిల్ కన్నా ఇది సుఖం. పాత యంత్రాలు చూసుకుంటూ ఎవరి వేగంతో వాళ్లు నడవవచ్చు.

తర్వాత పిల్లల్ని స్లూయిస్ దగ్గర నిలబెట్టవచ్చు. బకెట్లో రాళ్లు కలిపినవే, కాబట్టి ఎవరూ ఖాళీ చేతులతో తిరిగిరారు. ఐదు, ఆరేళ్ల పిల్లలకు, కూర్చుని చూసే తాతయ్యలకు ఇంతకన్నా అనుకూలమైన చోటు ఈ జాబితాలో లేదు. ‘నిజమైన’ తవ్వకం కోరుకునే పెద్ద పిల్లలకు మాత్రం ఇది చాలదు.

దగ్గర్లోని స్ప్రూస్ పైన్‌ని వదలకండి. సిలికాన్ చిప్పుల తయారీలో కరిగిన సిలికాన్ పోసే మూసలకు కావలసిన అతి శుద్ధ క్వార్ట్జ్ ఆ ఊరి చుట్టుపక్కల గనుల నుంచే వస్తుంది. కంప్యూటర్ల మీద బతికే మన కుటుంబాల పిల్లలకు చూపించి చెప్పదగ్గ సంగతి. పార్క్‌వే 331వ మైలురాయి దగ్గరున్న చిన్న ఖనిజాల మ్యూజియం అరగంటలో చూసేయవచ్చు.

రెండు జాగ్రత్తలు. 2024 సెప్టెంబరులో వచ్చిన హెలీన్ తుపాను ఈ ప్రాంతపు రోడ్లను బాగా దెబ్బతీసింది. ఏ భాగం తెరిచి ఉందో నేషనల్ పార్క్ సర్వీస్ రోడ్ల పేజీలో చూసి బయల్దేరండి. రెండోది, పార్క్‌వే పక్కన ఆగి వాగుల్లో రాళ్లు ఏరకండి. అది జాతీయ పార్కుల భూమి, గులకరాయి తీసినా నేరమే.

## ఫ్రాంక్లిన్, నార్త్ కరొలైనా: కెంపులు, నీలాలు

అట్లాంటా వైపు ఉన్న కుటుంబాలకు దగ్గరి చోటు ఇది. కౌయీ లోయ మట్టిలో కురువిందం (కొరండం) అనే ఖనిజం సహజంగా దొరుకుతుంది. ఎర్రగా ఉంటే కెంపు, మిగతా రంగుల్లో నీలం జాతి అవుతుంది. కొన్ని గనులు కలపని మట్టిని మాత్రమే ఇస్తాయి, కొన్ని రెండు రకాల బకెట్లూ పక్కపక్కనే అమ్ముతాయి. ఇక్కడే ముందు చెప్పిన ప్రశ్న తప్పక అడగాలి.

నేటివ్ మట్టిలో దొరికే కెంపు నగల షాపులోదానిలా మెరవదు. గులాబీ లేదా ముదురు ఎరుపు కలిసిన బూడిదరంగులో, ఆరు పలకల ముక్కలా, సైజుకి మించిన బరువుతో ఉంటుంది. చాలావరకు కాంతి దూరదు. మొదటిసారి వచ్చినవాళ్లు కెంపుల్ని బురద రాళ్లనుకుని పారేసి, మెరిసే అభ్రకం ముక్కల్ని దాచుకుంటారు. గార్నెట్‌తో కూడా తికమక వస్తుంది. టార్చ్ వెలుగు వెనకనుంచి పెడితే గార్నెట్ ద్రాక్షరసంలా ముదురుగా ఎర్రబడుతుంది, అది పలకలున్న గుండ్రటి గోళీలా ఉంటుంది. యూవీ కింద కెంపు సాధారణంగా ఎర్రగా వెలుగుతుంది, గార్నెట్ వెలగదు. సందేహం ఉన్న రాయిని పారేయకుండా విడిగా పెట్టి సిబ్బందికి చూపించండి.

కలపని రెండు బకెట్లకు ఒక మనిషికి రెండు గంటలు పట్టవచ్చు. ఆ రెండు గంటల్లో బఠాణీ గింజంత కురువిందం నాలుగైదు వచ్చినా మంచి పంటే. ఊళ్లో పాత జైలు భవనంలో నడుస్తున్న రత్నాల మ్యూజియం చిన్నది, కానీ దొరికిన రాళ్లను అక్కడి నమూనాలతో పోల్చుకుంటే పిల్లలకు కన్ను పదునెక్కుతుంది. తవ్వకం ముందు వెళ్తే ఇంకా లాభం.

## హిడెనైట్: వేర్వేరు వయసులకు ఒకే చోటు

థామస్ ఎడిసన్ ప్లాటినం వెతకమని పంపిన విలియం ఎర్ల్ హిడెన్‌కు 1880 ప్రాంతంలో ఇక్కడ ప్లాటినం దొరకలేదు, కొత్త ఆకుపచ్చ రత్నం దొరికింది. ఊరికీ రాయికీ ఆయన పేరే. ఇక్కడి ఎమరాల్డ్ హాలో గనిలో మూడు పనులకూ వీలుంది: స్లూయిస్ దగ్గర బకెట్ జల్లించడం, వాగులో దిగి ఏరడం, కొండవాలులో తవ్వడం. ఏది కావాలో దానికి తగ్గ అనుమతి కొనాలి.

అన్నకి పన్నెండు, చెల్లికి ఐదు ఉన్న ఇళ్లకు ఇదే నా మొదటి సలహా. చెల్లి, అమ్మమ్మ స్లూయిస్ దగ్గర, అన్న, నాన్న వాగులో. వేసవిలో వాగు హాయిగా ఉంటుంది, కానీ చెప్పులతో దిగకండి, పాత బూట్లు వేసుకోండి. నాచు పట్టిన రాళ్ల మీద జారడమే ఇక్కడ ఎక్కువగా జరిగే ప్రమాదం. తవ్వకం అనుమతి మొదటి పర్యటనలో కొనవద్దు. వేళ్లూ బంకమట్టీ దాటి ఏదైనా కనిపించేసరికే పిల్లల ఓపిక అయిపోతుంది. పచ్చ దొరుకుతుందన్న ఆశ పెట్టవద్దు, ఈ నేలలో పచ్చలున్న మాట నిజమే అయినా సందర్శకుడికి దొరకడం బహు అరుదు.

## హెర్కిమర్: చెమట, స్ఫటికం

ఇక్కడి రాయిని హెర్కిమర్ డైమండ్ అంటారు. పేరులో డైమండ్ ఉన్నా ఇది వజ్రం కాదు, రెండు వైపులా మొనదేలిన స్ఫటికం. సహజంగానే 18 ముఖాలతో, సానపట్టినట్టు మెరుస్తూ వస్తుంది. కాఠిన్యం 7, వజ్రానిది 10. న్యూయార్క్ రాష్ట్రంలో మిడిల్‌విల్ దగ్గర, సుమారు 50 కోట్ల ఏళ్ల నాటి డోలోస్టోన్ బండల బొరియల్లో ఉంటుంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే తెరిచి ఉంటుంది.

పని చెప్పినంత తేలిక కాదు, డోలోస్టోన్ మొండి రాయి. పద్ధతి ఇది:

1. ముందు రాయి ఎంచుకోండి. పైన చిన్నచిన్న నల్లటి బొరియలు కనిపించే బండ కావాలి. బొరియలు లేని బండని ఎంతసేపు కొట్టినా ఫలితం ఉండదు.
2. మధ్యలో కాకుండా అంచు దగ్గర, ఉన్న పగులు వెంట కొట్టండి.
3. బొరియ తెరుచుకోగానే పెద్ద సుత్తి పక్కన పెట్టి, చుట్టూ ఉలితో మెల్లగా తట్టండి. ఇక్కడ తొందరపడితే చేతికొచ్చిన స్ఫటికం రెండు ముక్కలవుతుంది.
4. రాలిన పొడిని పారేయకుండా అరచేతిలో పోసి చూడండి. చిన్నవి అందులోనే ఉంటాయి.

కొట్టేవాళ్లకే కాదు, చుట్టూ నిలబడినవాళ్లకూ కళ్లజోడు ఉండాలి, రాతి పెచ్చు పది అడుగులు ఎగురుతుంది. ఇంట్లో మేకులు కొట్టే సుత్తి తీసుకురాకండి. దాని ఉక్కు ఈ పనికి చేసింది కాదు, అంచు చిట్లి ఎగరవచ్చు. ఒక సుత్తిని ఇంకో సుత్తితో కొట్టడం కూడా ఇందుకే ప్రమాదం. అక్కడే ఇచ్చే రాతిసుత్తి వాడండి, పెద్దవాళ్లకు బరువు సమ్మెట అద్దెకి దొరుకుతుంది. విమానంలో వెళ్తే సొంత సుత్తి చెక్‌ఇన్ సామానులో పెట్టాలి, ఏడు అంగుళాలు దాటిన పనిముట్లు చేతిసంచీలో రానివ్వరు.

చిన్నపిల్లలు ఉంటే సుత్తి మాట వదిలేసి, వాన పడిన మర్నాడు వెళ్లండి. మట్టి కడుక్కుపోయి విడి స్ఫటికాలు నేలమీదే మినుకుమంటాయి. అవి బియ్యపుగింజంతే ఉన్నా పిల్లలకు పండగే. నీడ లేదు. టోపీ, మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు కావాలి. అమ్మమ్మ, తాతయ్యలను ఇక్కడికి తీసుకురావడం నాకు సబబు అనిపించదు.

## క్రేటర్ ఆఫ్ డైమండ్స్: నిజం వజ్రం, తక్కువ ఆశ

ఆర్కన్సాలోని మర్‌ఫ్రీస్‌బరో దగ్గర, 37 ఎకరాల దున్నిన పొలం. 1906లో అక్కడి రైతు జాన్ హడిల్‌స్టన్‌కు వజ్రాలు కనిపించాయి. 1972 నుంచి రాష్ట్ర పార్కు. దొరికింది ఏదైనా, ఎంత పెద్దదైనా మీదే. 1924లో ఇక్కడ 40.23 క్యారెట్ల అంకుల్ సామ్ దొరికింది, అమెరికాలో దొరికిన వజ్రాల్లో అన్నిటికన్నా పెద్దది అదే. 2020లో ఒక సందర్శకుడికి 9.07 క్యారెట్లది దొరికింది.

ఇక రెండో వైపు కూడా చూడాలి. మొత్తం సందర్శకులందరికీ కలిపి రోజుకు సగటున ఒకటో రెండో దొరుకుతాయి. వాటిలో ఎక్కువ భాగం అగ్గిపుల్ల తల అంత ఉంటాయి. ఒక్క రోజు వెళ్లే కుటుంబానికి వజ్రం దొరకదనుకునే బయల్దేరాలి. జాస్పర్, అగేట్, స్ఫటికం ముక్కలు మాత్రం దొరుకుతాయి.

వెతికే దారులు మూడు. వాన కడిగిన నేలమీద మెల్లగా నడుస్తూ చూడటం మొదటిది. తొలకరి తర్వాత తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో మనవాళ్లు చేసేదీ ఇదే, పిల్లలకూ పెద్దవాళ్లకూ ఇదొక్కటే సులువు. ఎండు మట్టిని జల్లెడ పట్టడం రెండోది, మట్టి పొడిగా ఉంటేనే సాగుతుంది. మూడోది నీళ్లతో జల్లించడం, ఎక్కువ ఫలితం దీనితోనే. పైన పావు అంగుళం, కింద అంగుళంలో పదహారో వంతు కన్నాలున్న జల్లెడలు పెట్టి కడగాలి. కింద మిగిలిన గులకను గుండ్రటి జల్లెడలో వేసి నీళ్లలో తిప్పుతూ, పైకీ కిందికీ తట్టాలి. బరువైన రాళ్లు అడుగున మధ్యలోకి చేరతాయి. జల్లెడ ఒక్కసారిగా చదును నేల మీద బోర్లిస్తే ఆ మధ్యభాగం పైకి వస్తుంది, వెతకాల్సింది అక్కడే. తట్టడం సరిగా లేకపోతే రాళ్లు వేరుపడవు, వజ్రం అంచుల్లోకి జారి పోతుంది.

వజ్రానికి మట్టి అంటదు. మూలలు గుండ్రంగా, నూనె రాసినట్టు మెరుస్తుంది. తెలుపు, గోధుమ, పసుపు రంగుల్లో దొరుకుతుంది. గాజు ముక్కలా పదునైన అంచులుంటే అది స్ఫటికమో కాల్సైటో. అనుమానం ఉన్నవన్నీ తీసుకెళ్తే పార్కు సిబ్బంది ఉచితంగా గుర్తించి చెబుతారు. మోటారుతో, బ్యాటరీతో నడిచే పనిముట్లు అనుమతించరు. జల్లించిన గులకను మనిషికి రోజుకు ఐదు గ్యాలన్ల బకెట్ ఒకటి ఇంటికి తీసుకెళ్లవచ్చు. వాన తర్వాత బంకమట్టి బూట్లను పట్టి లాగేస్తుంది. మార్చుకునే బట్టలు, కారు సీట్ల మీద వేయడానికి పాత దుప్పటి లేకుండా వెళ్లవద్దు. డాలస్ నుంచి నాలుగు గంటల లోపు ప్రయాణం. రాత్రి అక్కడే ఉండి, ఎండ ముదరక ముందే పొలంలోకి దిగడం మంచిది.

## స్లూయిస్ దగ్గర ఏమి చెడుతుంది

ఎక్కువమంది వెళ్లేది స్లూయిస్‌కే కాబట్టి ఇది విడిగా చెప్పాలి. జల్లెడలో ఒకసారికి రెండు గుప్పిళ్లకు మించి వేయకూడదు. నిండా పోస్తే నీళ్లు కిందికి దిగవు, బంకమట్టి ఉండలు కరగవు, రాళ్లు వాటిలోనే ఉండిపోతాయి. ఆ ఉండల్ని వేళ్లతో చిదమాలి. జల్లెడని నీళ్లలో సగం ముంచి పక్కలకు ఊపాలి, ఎగరేస్తే తేలిక రాళ్లు కాలువలో కొట్టుకుపోతాయి. కడిగాక వెలుతురు వైపు వాల్చి ఒక మూలనుంచి ఇంకో మూలకి వరసగా చూడాలి. మూడేళ్ల లోపు పిల్లలు చేతికి చిక్కిన రాయి నోట్లో పెట్టుకుంటారు, వాళ్లకు పెద్ద రాళ్లే ఇవ్వండి.

పని అయ్యాక రాయిని సానపట్టిస్తారా అని అడుగుతారు. చాలా సందర్భాల్లో సానకయ్యే ఖర్చు రాయి విలువను మించుతుంది. జ్ఞాపకంగా ఒక రాయి చేయించుకోవాలనుకుంటే లోపల పగుళ్లున్నాయా, పలకలు తీస్తారా లేక నున్నగా గుండ్రం చేస్తారా, ఎంత చిన్నదవుతుంది అని అడగండి. కాంతి దూరని కెంపుకి గుండ్రటి సానే సరి. ఇచ్చే ముందు ఫొటో తీసుకుని, బరువు రసీదు మీద రాయించుకోండి.

## ఎవరు ఎటు

ఐదేళ్ల లోపు పిల్లలు, పెద్దవాళ్లు ఇద్దరూ ఉంటే ఎమరాల్డ్ విలేజ్. వయసుల తేడా ఎక్కువున్న పిల్లలుంటే హిడెనైట్. న్యూజెర్సీ, న్యూయార్క్ వైపు ఉండి వాన రోజు చిక్కితే, లేదా ఎండ మరీ కాస్తే స్టెర్లింగ్ హిల్. సైన్స్ అంటే ఇష్టపడే పదేళ్ల పిల్లలకు మొదట స్టెర్లింగ్ హిల్, కొన్నాళ్లాగి హెర్కిమర్. రెండింటినీ ఒకే రోజు పెట్టుకోవద్దు, మధ్య దూరం నాలుగు గంటలు. నవరత్నాల గురించి తెలిసి, కెంపు పుట్టిన మట్టిని చేత్తో ముట్టుకోవాలనుకునే అమ్మమ్మలకు ఫ్రాంక్లిన్, ఏప్రిల్‌లో గానీ అక్టోబరులో గానీ. నీళ్లు మరీ చల్లగా ఉండవు, ఎండా ఉండదు, ఒక కుర్చీ వెంట తీసుకెళ్తే చాలు.

క్రేటర్‌కు మాత్రం రెండు రోజులు కేటాయించగలిగితేనే వెళ్లండి. మొదటి రోజు జల్లించడం నేర్చుకోవడానికే సరిపోతుంది, రెండో రోజే అసలు వెతకడం. వారాంతం కాకుండా, దున్నిన తర్వాత గట్టి వాన పడిన వారం చూసుకుని వెళ్లడం మేలు. పార్కు వాళ్లు చివరిసారి పొలం ఎప్పుడు దున్నారో ఫోన్ చేసి అడిగితే చెబుతారు.